ఐదున్నరేళ్ల గ్యాప్ తర్వాత మళ్లీ కోడింగ్‌లోకి: కర్నూలు నుంచి నా అనుభవం

2025 నవంబరు 17న మళ్లీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాను. ప్రయత్నం మొదలుపెట్టింది ఫిబ్రవరి 3న. తొమ్మిదిన్నర నెలలు పట్టింది. అందులో ఎక్కువ భాగం చదువుకోవడానికో ఇంటర్వ్యూలకో పోయిందనుకుంటే పొరపాటు, ఓటీపీలకు, స్టాంపు పేపర్లకు, "హెచ్చార్ కాల్ చేస్తారు" అన్న మాట నమ్మి ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చోవడానికి పోయింది. మా బ్యాచ్ అమ్మాయిలు ముగ్గురు "ఎట్లా చేసినావే, మాకూ చెప్పు" అని అడిగారు. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక అంతా ఒక్కచోటే రాస్తున్నా.

ముందు మానేసింది ఎందుకో చెప్పాలి, ప్రతి ఇంటర్వ్యూలోనూ మొదటి ప్రశ్న అదే కాబట్టి. నాది కర్నూలు, దూదేకుల వాళ్లం, అంటే ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లింలం. మా అబ్బ, అంటే తాత, ఇల్లిల్లూ తిరిగి దూది ఏకేవాడు, నాయన దాన్ని పరుపుల అంగడి దాకా తెచ్చాడు. బీసీ-బీ సర్టిఫికెట్, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండబట్టి 2014లో బీటెక్ అయింది, క్యాంపస్‌లోనే ఉద్యోగం వచ్చింది, అక్టోబరులో హైదరాబాదులో జావా డెవలపర్‌గా చేరాను. 2019 ఆగస్టులో పాప పుట్టింది. 26 వారాల మెటర్నిటీ లీవ్ పైసా కోత లేకుండా ఇచ్చారు, అందులో వంక పెట్టేదేమీ లేదు. 2020 జనవరిలో తిరిగి వెళ్తే నా ప్రాజెక్టులో నా సీటు లేదు. బెంచ్ మీద, అంటే ఏ ప్రాజెక్టూ లేకుండా ఖాళీగా, కూర్చోబెట్టారు. ఐదు వారాలు చూసి, పుణెలో ఒక్కటే ఖాళీ ఉంది వెళ్తావా అన్నారు. ఆరు నెలల పిల్లని ఎత్తుకుని పుణె ఎట్లా పోతాను? ఇంటి నుంచి చేస్తానంటే "మన క్లయింటు ఒప్పుకోడు" అన్నారు. ఫిబ్రవరి 24న రాజీనామా పెట్టాను, 90 రోజుల నోటీసు.

సరిగ్గా నెలకు, మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. ఒప్పుకోని క్లయింటు మూడు రోజుల్లో ఒప్పుకున్నాడు, కంపెనీ మొత్తం ఇంటి నుంచే పని చేసింది, నేనూ కర్నూలులో మా అత్తగారి ఇంట్లో మంచం మీద కూర్చుని నోటీసు పీరియడ్ పని చేశాను. రాజీనామా వెనక్కి తీసుకుంటానని రెండు మెయిళ్లు పెట్టాను. సిస్టంలో ప్రాసెస్ అయిపోయిందని జవాబు. మే 22 నా ఆఖరి రోజు. లీవ్ అయ్యాక పనిని బట్టి ఇంటి నుంచి చేసే ఏర్పాటు గురించి మాట్లాడుకోవచ్చని 2017లో మారిన మెటర్నిటీ లీవ్ చట్టంలోనే ఉందట, నాకు తెలిసింది మొన్న మార్చిలో. అప్పుడు తెలిసి ఉంటే ఏమయ్యేదో అని ఆలోచించడం మానేశాను, రాత్రి నిద్ర పట్టదు.

2025 జనవరిలో మళ్లీ ఉద్యోగం అనుకోవడం వెనక పెద్ద కల ఏమీ లేదు. ఇంటి లోన్ కిస్తీ నెలకు 18,400. మా ఆయన జీతం అక్కడే ఉంది, కిస్తీ కూడా అక్కడే ఉంది, మధ్యలో పాప స్కూలు ఫీజు పెరిగింది.

ఫిబ్రవరి 3న నౌకరీ అనే ఉద్యోగాల వెబ్‌సైటులో పాత ప్రొఫైల్ తెరుద్దామని కూర్చున్నా. పాస్‌వర్డ్ గుర్తు లేదు, ఓటీపీ పాత నంబరుకి పోతోంది, ఆ సిమ్ నేను రీచార్జి చేయక ఎప్పుడో పోయింది. ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఆదోనిలో ఎవరో పెద్దాయన ఎత్తాడు. "అన్నా, అది నా పాత నంబరు, ఒక ఓటీపీ వస్తుంది చెప్తావా" అన్నా. "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని రోజూ టీవీలో చెప్తాండారు, నన్నే మోసం చేస్తావామ్మే" అని తిట్టి పెట్టేశాడు. తప్పు ఆయనది కాదు. కొత్త ప్రొఫైల్ పెట్టుకున్నా. కానీ పీఎఫ్ ఖాతాకీ అదే పాత నంబరు, అక్కడ కొత్తది పెట్టుకుంటే సరిపోదు. ఉద్యోగం మానేసే ఆలోచన ఉన్నవాళ్లు ఇంకేం చేసినా చేయకపోయినా ఆ సిమ్ మాత్రం చావనివ్వకండి.

పీఎఫ్ సంగతి ఇప్పుడే చెప్పేస్తా, ఎందుకంటే ఆలస్యంగా మొదలుపెట్టి నేను చాలా ఏడ్చాను. కొత్త కంపెనీ వాళ్లు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మన యూఏఎన్ (పీఎఫ్ వాళ్లు ఇచ్చే నంబరు) మీద ఉన్న సర్వీస్ హిస్టరీ, అంటే ఎక్కడ ఎప్పటిదాకా పని చేశామో, అడుగుతారు. నాదాంట్లో మానేసిన తేదీ అసలు లేదు, లాక్‌డౌన్ గొడవలో పాత కంపెనీ వేయలేదు. అంటే ప్రభుత్వం లెక్కలో నేను ఐదేళ్లుగా అక్కడే ఉద్యోగంలో ఉన్నానన్నమాట! ఆ తేదీ మనమే వేసుకోవచ్చు, ఆధార్ ఓటీపీతో. అయితే ఆధార్‌లో పేరూ అక్కడి పేరూ ఒకటై ఉండాలి. నావి కావు.

మా పేర్ల గోల ఏందంటే, మాలో ఆడపిల్లలకు చాలావరకు ఏదో ఒక పీరు పేరు పెట్టి చివర బీ చేరుస్తారు. హుసేన్‌కి బీ చేరిస్తే హుసేన్ బీ. నాదీ అలాంటి పేరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పేరూ బీ కలిసి ఒకే ముక్క. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బీ విడిగా. పాన్ కార్డులో ఇంటిపేరు చివరికి పోయింది. పీఎఫ్‌లో బీ లేనే లేదు. నాలుగు కాగితాల్లో నలుగురు మనుషులు. సవరణకు దరఖాస్తు పెడితే, నాది 2014 నాటి యూఏఎన్ కాబట్టి పాత కంపెనీ ఆమోదం కావాలన్నారు. ఆ కంపెనీలో నాకు తెలిసిన వాళ్లెవరూ ఇప్పుడు లేరు. మెయిల్ మీద మెయిల్, ఆఖరికి 47 రోజులకు అయింది. అదే ఫిబ్రవరిలో పెట్టి ఉంటే ఆ 47 రోజులు నా చదువులో కలిసిపోయేవి, నేను ఆగస్టులో పెట్టాను.

ఇక చదువు. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ 24,500. హైదరాబాదు అమీర్‌పేట కోచింగ్ వాళ్లదే ఆన్‌లైన్ కోర్సు మూడు నెలలకు 15,000, దాంట్లో మొదటి నెల నాకు తెలిసిందే చెప్పారు కాబట్టి నా మటుకు దండగ. నేను వదిలేసినప్పుడు అంతా జావా 8. జావాతో వాడే స్ప్రింగ్ బూట్ 3 ఫ్రేమ్‌వర్క్ వేసుకుని నా పాత కోడ్ అలవాటు ప్రకారం రాస్తే స్క్రీన్ నిండా ఎర్ర గీతలు. సర్వ్‌లెట్, పర్సిస్టెన్స్, వాలిడేషన్ ఇంపోర్టుల్లో జావాఎక్స్ అని ఉండేదంతా జకార్తా అయిపోయింది, జావా 17 లేకపోతే అది నడవనే నడవదు. రెండు రోజులు నా బుర్రే తుప్పు పట్టిందనుకున్నా. పేర్లు మారితే ఎవరూ గుర్తుపట్టరు, కోడ్‌కైనా అంతే.

ఇక్కడ ఒక మాట. ఐదేళ్లలో అంతా మారిపోయి ఉంటుంది, నాకేం అర్థం కాదు అన్న భయమే చాలామందిని ఆపుతుంది. నన్నూ రెండేళ్లు ఆపింది. మారింది నిజమే, డాకర్, క్లౌడ్, ఏఐతో కోడ్ రాయించుకోవడం. కానీ డేటాబేస్‌లో జాయిన్ జాయినే, లూప్ లూపే, లాగ్ చదివి తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎప్పటిలాగే. మార్చి ఆఖరుకి చేయి తిరిగింది. తెల్లారి నాలుగున్నర నుంచి ఏడు దాకా, పాప లేచేలోపల. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండ తెలుసు కదా, మధ్యాహ్నం ల్యాప్‌టాప్ నా ఒళ్లో పెట్టుకుంటే పెనం పెట్టుకున్నట్టే, కాబట్టి తెల్లారి కాకపోతే కుదరదు. మా అత్త మొదట్లో "ఆ డబ్బాతో ఏం మాట్లాడతావు పొద్దు పొద్దున్నే" అనేది, తర్వాత తర్వాత నేను లేవకముందే టీ పెట్టి ఉంచేది. ఆమె ఎప్పుడు మారిందో నేను గమనించలేదు.

జూన్ మొదటి వారం నుంచి అప్లై చేయడం. 143 చోట్ల పెట్టాను, లెక్క రాసుకున్నా. తొమ్మిది కాల్స్. అందులో మూడు "ఇప్పుడు ఎక్కడ పని చేస్తున్నారు" అన్న ప్రశ్నకు జవాబు వినగానే కట్. ఇంకో సంగతి, చాలా కంపెనీల ఫారాల్లో ‘ప్రస్తుత జీతం’, ‘నోటీస్ పీరియడ్’ తప్పనిసరి గడులు, సున్నా వేస్తే తీసుకోదు. ఒకచోట జీతం దగ్గర ఒక రూపాయి వేశా. విరామం తర్వాత వచ్చే ఆడవాళ్ల కోసమే కొన్ని పెద్ద కంపెనీలు విడిగా ప్రోగ్రాములు నడుపుతాయి, టాటా వాళ్లు 2008లోనే మొదలుపెట్టారు. వాటికీ అప్లై చేయండి, కానీ వాటి కోసమే ఆగకండి. నేను పెట్టిన రెండింట్లో ఒకదానికి రెండేళ్ల కంటే ఎక్కువ గ్యాప్ ఉండకూడదట, ఇంకోదానికి నెలలు గడిచినా జవాబు లేదు.

మొదటి ఆన్‌లైన్ పరీక్ష జులై 12, శనివారం, పీర్ల పండగ అయిన వారానికి. కెమెరా మనల్నే చూస్తుంటుంది, గదిలో ఇంకో మనిషి కనపడకూడదు, ఇంకో గొంతు వినపడకూడదు. గదికి లోపల గడియ వేసుకున్నా. పది నిమిషాలకు వీధిలో మామిడిపండ్ల బండి మైకు, ఒక హెచ్చరిక. తర్వాత కుక్కర్ విజిల్, రెండో హెచ్చరిక. తర్వాత పాప తలుపు కొట్టి "మా, టాయిలెట్" అంది. పరీక్ష ముగిసింది అని స్క్రీన్ మీద వచ్చింది, మొదటి ప్రోగ్రాం సగంలో ఉంది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక పాపనే ఒక దెబ్బ వేశాను. ఆ రోజు ఇద్దరం ఏడ్చాం.

నాయనకు ఫోన్‌లో చెప్తే "అంగడి వెనక గోడౌను ఉంది గదమ్మా" అన్నాడు. ఆ ఐడియా నాకు రాలేదు. నాలుగు పక్కలా పైకప్పు దాకా పరుపులు, దూది బస్తాలు, మధ్యలో స్టూలు, ఇంకో స్టూలు మీద ల్యాప్‌టాప్. బయట రోడ్డు మీద లారీ హారన్ కొడితే లోపలికి దోమ రొదంత కూడా రాదు. దూది శబ్దాన్ని తాగేస్తుంది. అప్పటి నుంచి పరీక్షలు, ఇంటర్వ్యూలు అన్నీ అక్కడే. ఒక ఇంటర్వ్యూలో ఆయన "మీ ఆడియో చాలా క్లియర్‌గా ఉంది, స్టూడియోనా?" అని అడిగాడు. పరుపుల గోడౌను అని చెప్తే నవ్వాడు, జోక్ అనుకున్నాడు పాపం. గోడకు మా అబ్బ దూది ఏకిన విల్లు ఇంకా వేలాడుతుంటుంది, వీడియోలో వెనకంతా బ్లర్ పెట్టినా దాని వంపు నా తల వెనక కనపడేది. ఒక్క ఇబ్బంది, ఫ్యాన్ వేస్తే దూది ఎగిరి ముక్కులోకి పోతుంది. ఫ్యాన్ లేకుండా గంటన్నర కూర్చుని లేస్తే జాకెట్టు పిండుకోవచ్చు.

జులై 22 నుంచి సెప్టెంబరు 13 దాకా ఆరు కంపెనీలు, మొత్తం 13 మంది నన్ను ఇంటర్వ్యూ చేశారు. అందులో ఆడవాళ్లు ఇద్దరు. పిల్లని ఎవరు చూసుకుంటారు అని నలుగురు అడిగారు. రెండో సంతానం ప్లాన్ ఉందా అని తిప్పి తిప్పి ఒకరు అడిగారు, అది ఆ ఇద్దరు ఆడవాళ్లలో ఒకరు, అందుకే ఇంకా గుర్తుండిపోయింది. నేను మొదట్లో పెద్ద పెద్ద జవాబులు చెప్పేదాన్ని, మా అత్త ఉంది, అమ్మ రెండు వీధుల అవతలే ఉంది, మా ఆయన అర్థం చేసుకుంటాడు అని. నాలుగోసారికి "ఏర్పాటు చేసుకున్నానండి" అని రెండు మాటలతో ఆపేసి వాళ్ల మొహం చూస్తూ కూర్చోవడం నేర్చుకున్నా. పని చేసింది. వాళ్లే తడబడి హ్యాష్‌మ్యాప్ లోపల ఎట్లా పని చేస్తుందో అడిగేస్తారు.

పేరు చూసి "ఉర్దూలో మాట్లాడుకుందామా" అన్నాడు ఒకాయన, మంచి మనసుతోనే. నాకు రాదండీ, మేం ఇంట్లో తెలుగే అంటే, ఒక క్షణం ఆగి "ఓ" అన్నాడు. ఇంకొకావిడ "అచ్చం మనవాళ్లలాగే మాట్లాడుతున్నారే" అంది. పాత ఆఫీసులోనూ ఈ మాట విన్నాను కాబట్టి కొత్త కాదు. మనవాళ్లు అంటే ఎవరని ఎప్పుడూ అడగలేదు, ఈసారీ అడగలేదు, ఆఫర్ కావాలి కదా.

ఆఫర్ వచ్చిన కంపెనీ మూడో రౌండు సెప్టెంబరు 13న హైదరాబాదులో, ఎదురుగా కూర్చుని. "ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా, ఇంక ఖర్చేముంది" అంది మా అత్త. ఆగస్టు 15న మొదలైంది నిజమే, కానీ అది మన రాష్ట్రం లోపల తిరిగే బస్సులకు. హైదరాబాదు బస్సుకు టికెట్ కొనాల్సిందే. అటుపక్క తెలంగాణలో ఫ్రీ ఉంది, అది వాళ్ల ఆధార్ ఉన్న ఆడవాళ్లకు. మా ఇంటి నుంచి తుంగభద్ర దాటితే తెలంగాణే, అయినా రెండు ఫ్రీల మధ్య నాకు టికెట్టే. తెల్లారి నాలుగు గంటల బస్సు, ఆరాంఘర్‌లో దిగి గచ్చిబౌలికి క్యాబ్, రానూ పోనూ తిండితో కలిపి 1,640 అయింది.

ఆ రోజు అక్కడ రెండు హాళ్లు. ఒక హాల్లో ఫ్రెషర్లు. గాజు తలుపులోంచి చూస్తే సగానికి సగం అమ్మాయిలే, తలకు నూనె రాసుకుని జడ వేసుకొచ్చిన వాళ్లు, అప్పుడే కొన్న ఫార్మల్ షర్టు మడతలు పోని వాళ్లు, ఇద్దరు ముగ్గురు బురఖాల్లో కూడా. పక్క హాలు ఐదు నుంచి పదేళ్ల అనుభవం వాళ్లకు, మాది. నా టోకెన్ 38, మూడు గంటలు ఖాళీగా కూర్చున్నా కాబట్టి లెక్కపెట్టా, 41 మందిలో ఆడవాళ్లం ఐదుగురం. సాఫ్ట్‌వేర్‌లో ఆడవాళ్లు తక్కువ అనేవాళ్లు మా కాలేజీల్లో, ఫ్రెషర్ల హాళ్లలో చూసుకోండి, కొరత అక్కడ లేదు. ఆ హాలుకూ ఈ హాలుకూ మధ్య ఉన్న గోడలో ఎక్కడో పడిపోతున్నాం. మా క్లాసులో 60 మందికి 27 మంది అమ్మాయిలం, 19 మందికి ఉద్యోగాలొచ్చాయి. ఇవాళ వాట్సాప్ గ్రూపులో అడిగి చూస్తే కోడ్ రాసేవాళ్లు ఆరుగురు. మిగతావాళ్లు మొద్దులు కారు, మా టాపర్ ఇప్పుడు వార్డు సచివాలయంలో పని చేస్తోంది, 2019లో ఆ పోస్టులు పడినప్పుడు "ఊర్లో ఉద్యోగం, ఇల్లు కదలక్కర్లేదు" అని ఇంట్లో వాళ్లు రాయించారు. మా క్లాసులో ఉన్న ఇంకో ముస్లిం అమ్మాయి సౌదీలో ఉంది, వాళ్లాయనతో. డిజైన్ ప్యాటర్న్స్ నాకు నేర్పింది ఆ పిల్లే.

మూడో రౌండు గంటా పది నిమిషాలు. ఒక ఆర్డర్ సిస్టంలో ఒకే పేమెంట్ రెండుసార్లు పడుతోంది, ఎట్లా పట్టుకుంటావు అని అడిగారు. ఇదే తప్పు నేను 2018లో నిజంగా పట్టుకున్నా! గడగడా చెప్పేశాను. ఆ తర్వాత 16 రోజులు ఎవరూ ఫోన్ చేయలేదు. అన్నిటికన్నా కష్టం ఈ 16 రోజులే. కుదరలేదని చెప్పినా బాగుండేది, ఏడ్చి వేరేది చూసుకునేదాన్ని.

సెప్టెంబరు 29న దసరా సందట్లో హెచ్చార్ కాల్. పాస్ అయ్యానట. జీతం దగ్గరికి వచ్చేసరికి "మీ లాస్ట్ సీటీసీ ఎంత" అంది. సీటీసీ అంటే ఏడాదికి కంపెనీ మన మీద పెట్టే మొత్తం, 2020లో నాది 5 లక్షల 20 వేలు. దాని మీద ముప్ఫై శాతం పెంచి ఇస్తాం అంది, ఈ ఐదేళ్లలో బియ్యం ధర కూడా పెరగనట్టు. నా అనుభవం ఉన్నవాళ్లకు మార్కెట్లో ఎంత ఇస్తున్నారో బ్యాచ్‌మేట్లను అడిగి తెలుసుకుని ఉన్నా, అందుకే 11 అడిగాను. గొంతు వణికింది. మొత్తానికి 8 లక్షల 60 వేలకు ఒప్పుకున్నారు. ఐదున్నరేళ్ల అనుభవాన్ని మూడేళ్లుగా లెక్కగట్టారు. నాకంటే రెండేళ్లు జూనియర్ అబ్బాయికి ఇదే పనికి 15 వస్తోంది, వాడే చెప్పాడు. తెలిసే చేరాను.

అక్టోబరు 7న ఆఫర్ లెటర్, ఆ వెంటనే వెరిఫికేషన్. గ్యాప్ అఫిడవిట్ కావాలన్నారు, వంద రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ చేయించి. కోర్టు దగ్గర టైపింగ్ అతను నా సంగతి వినకుండానే సిద్ధంగా ఉన్న మ్యాటర్ తెరిచాడు. "కాంపిటీటివ్ ఎగ్జామ్స్‌కి ప్రిపేర్ అయినారని వేస్తాను మేడం, అందరూ అదే వేయించుకుంటారు." వద్దు, పాపను పెంచాను, నాయన అంగడి జీఎస్టీ లెక్కలు చూశాను, అది వేయండి అన్నా. "అట్ల వేస్తే కంపెనీ వాళ్లు ఒప్పుకుంటారో లేదో" అని నా వైపు జాలిగా చూశాడు. చివరికి ‘కుటుంబ కారణాల వల్ల’ అని పడింది, ఐదున్నరేళ్లకు మూడు మాటలు. ఆ కాలంలో ఎక్కడా జీతానికి పని చేయలేదని కూడా రాయించుకున్నారు. ఇంకో స్టాంపు పేపరు నాలుగు పేర్లూ ఒకే మనిషివి అని. రెండూ కలిపి 900. ఈ రెండో అఫిడవిట్ మాత్రం రెండు ఒరిజినల్స్ చేయించుకోండి, ఇంకెక్కడైనా కావాల్సి వస్తుంది. ఆగస్టులో పెట్టిన పీఎఫ్ సవరణ అయిపోయి ఉండబట్టి వెరిఫికేషన్ నవంబరు 11కి తేలింది, లేకపోతే జాయినింగ్ జరిపేవాళ్లు.

అక్టోబరు 24 తెల్లారుజామున మా దగ్గర చిన్నటేకూరు వద్ద హైవే మీద ప్రైవేటు బస్సు తగలబడిపోయింది. ఆ రోజు ఊరంతా అదే మాట. సాయంత్రానికి అమ్మ, అత్త ఇద్దరూ కలిసి ఒకే మాట అన్నారు, వారం వారం రాత్రి బస్సెక్కే ఉద్యోగం నీకొద్దు అని. వాళ్లిద్దరూ ఒక మాట మీద ఉండటం నా పెళ్లయ్యాక అదే మొదలు. ఎదురు చెప్పలేకపోయా, నాకూ భయమేసింది. వారానికి మూడు రోజులు ఆఫీసు, సోమ, మంగళ, బుధ. పగటి బస్సో రైలో తప్ప ఎక్కనని మాటిచ్చాక ఊరుకున్నారు.

హాస్టల్ వెతకడానికి రెండు రోజులు. ఫోన్‌లో నా తెలుగు విని "రండమ్మా, ఖాళీ ఉంది" అన్న చోట, ఆధార్ కార్డు చేతిలో పెట్టగానే ఖాళీ నిండిపోయింది. రెండు చోట్ల ఇదే. ఇంకో చోట యజమానురాలు ముస్లిం, ఆమెకు నా పేరు నచ్చింది కానీ నాకు ఉర్దూ రాదంటే, నమాజు సరిగ్గా చేస్తావా లేదా అని ప్రశ్నలు. చివరికి ఒకావిడ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి "బాత్రూంలో వెంట్రుకలు వదలకూడదు, అంతే" అంది. నెలకు 7,500, అడ్వాన్సు ఒక నెల. మూడు రోజులకైనా నెల మొత్తం కట్టాల్సిందే. మొదటి జీతం చూడకముందే అన్నీ కలిపి 60 వేలు దాటింది, ఇది ముందే చూసుకుని దిగండి.

నవంబరు 17. తొమ్మిదింటికల్లా వెళ్లి రిసెప్షన్‌లో కూర్చున్నా. పదింపావుకు మా టీం నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, నన్ను దాటుకుని అటు పక్క కూర్చున్న అబ్బాయి దగ్గరికి పోయి, చెయ్యి చాచి, నా పేరుతో పిలిచాడు. వాళ్ల సిస్టంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండే గడులు. ఇంటిపేరు ఒకదాంట్లో, పేరు ఇంకోదాంట్లో పోయాయి, బీ ఎక్కడో జారిపోయింది. మెయిల్ ఐడీ అట్లాగే, ఐడీ కార్డు అట్లాగే. పదకొండు మంది టీంలో నేను రెండో ఆడదాన్ని, మొదటావిడ టెస్టింగ్. లీడ్ "అయ్యో, మేం అబ్బాయనుకున్నాం, ఏమనుకోకండి" అన్నాడు. మర్యాదస్తుడు, నిజంగానే సిగ్గుపడ్డాడు.

మొదటి బగ్, అంటే కోడ్‌లో తప్పు, నాలుగో రోజు మూసేశాను. నెల్లాళ్ల దాకా ఏమీ ఇవ్వరనుకున్నా, ఇచ్చారు. ఆ సాయంత్రం మెట్లు దిగుతూ ఎవరికి చెప్పాలో తెలియక నాయనకు ఫోన్ చేశాను, బగ్ అంటే ఏందో ఆయనకు తెలియదు, "పురుగా, పురుగు పట్టుకున్నందుకు జీతమా" అని పెద్దగా నవ్వాడు.

పేరు సరిచేయమని మొదటి రోజే ఆఫీసు సిస్టంలో టికెట్, అంటే అర్జీ, పెట్టాను. 15 పనిదినాలు అన్నారు. ఇవాళ్టికి 19. నిన్న వాళ్లు ఆధారం అడిగితే ఆ రెండో స్టాంపు పేపరు స్కాన్ చేసి పంపాను.